నవ్వు తెగకుండా: పాత కామెడీ క్యాసెట్లు, సీడీలు కంప్యూటర్లోకి ఎక్కించే పద్ధతి

నెల్లూరులో గానీ ఒంగోల్లో గానీ పాత ఇంటి సజ్జ దులిపితే రెండు అట్టపెట్టెలైనా దొరుకుతాయి. ఒకదాంట్లో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, ఇంకోదాంట్లో వీసీడీలు. పెళ్ళి క్యాసెట్లు మాత్రం ఏరి పక్కన పెట్టి, మిగతా సినిమాలూ సీరియళ్ళూ "యూట్యూబులో ఉన్నాయిలే" అని పాత సామాన్ల బండికి వేసేస్తున్నారు. యూట్యూబులో ఉన్న మాట నిజమే. ఉన్నది మొత్తం సినిమానా కాదా అన్నదే పేచీ.

మన సినిమాల్లో చాలాకాలం కామెడీ ట్రాకు కథకి పక్కన నడిచేది. అది తీసేసినా కథ ఆగదు. టీవీలో ఇచ్చిన టైముకి కుదించాలన్నా, రెండు సీడీల్లో ఇరికించాలన్నా కత్తెర ముందు దాని వైపే చూస్తుంది. హీరోగారి ఫైటు ఎవరూ ముట్టుకోరు.

కాబట్టి కామెడీని కాపీ చేసేటప్పుడు లెక్క వేరుగా ఉండాలి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ఫరవాలేదు. మాట స్పష్టంగా వినపడాలి, సరిగ్గా పెదవి మీద పడాలి, మాట్లాడేవాడి పక్కన నిలబడ్డవాడి ముఖం ఫ్రేములో ఉండాలి, రెండు డైలాగుల మధ్య మౌనం తీసినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉండాలి. ఇవి చెడగొట్టుకుని బొమ్మని తళతళలాడించినా ఎవరూ నవ్వరు.

సినిమా పూర్తిగా ఉందా?

సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ వస్తుంది. అందరూ దాటేస్తారు. దాని మీద రీళ్ళ సంఖ్య, మీటర్లలో పొడవు రాసి ఉంటాయి. అక్కడ పాజ్ చేసి ఆ మీటర్లు రాసుకోండి. వీసీడీలో అక్షరాలు అలుక్కుపోయి ఉంటే అదే సినిమా డీవీడీలోనో యూట్యూబులోనో చూసి రాసుకోవచ్చు.

35 ఎంఎం ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్ మీద 4,000 మీటర్లని ఉందనుకోండి. 27.43తో భాగిస్తే 145.8 నిమిషాలు. అది థియేటర్లో నిడివి. మన దగ్గర టీవీ, వీసీడీలు పాల్ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాని 25తో తిప్పేస్తారు కాబట్టి ఆ 145.8 కాస్తా 140 నిమిషాలు అవుతుంది. రెండు సీడీలూ కలిపి, కంపెనీ వాళ్ళ లోగోలూ ప్రకటనలూ తీసేసి, 140 దగ్గర వస్తే సినిమా పూర్తిగా ఉంది. 125 వస్తే పావుగంట యాడనో పోయింది. ఆ పోయింది చాలాసార్లు మీరు వెతుకుతున్న కామెడీనే.

ఇదే లెక్క యూట్యూబు ప్రతికీ వేయండి. అది 24 ఫ్రేముల్లో ఉంటే 145.8తో పోల్చాలి. ఆ లెక్కన అది మీ సీడీ కన్నా పొడవుంటే మీ సీడీ కాపీ చేయడానికి పడే శ్రమ దండగ. పొట్టిగా ఉంటే మాత్రం ఆ గీతలు పడ్డ సీడీనే బంగారం.

ఏది ముందు

టీవీలోంచి ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్లు ముందు. అందులోనూ దూరదర్శన్ హాస్య సీరియళ్ళు అన్నిటికన్నా ముందు. ప్రకాశం జిల్లా మనిషి ధర్మవరపు సుబ్రహ్మణ్యాన్ని ఇంటింటికీ తెలిసేలా చేసింది దూరదర్శన్‌లో వచ్చిన ఆనందోబ్రహ్మే. అట్టాంటివి ఒక్క ఎపిసోడు ఉన్నా ఆ క్యాసెట్టు మీద ఇంకేదీ ఎక్కించకుండా వెన్ను మీదున్న చిన్న ప్లాస్టిక్ చెక్క విరిచేయండి. ఆ చెక్క లేకపోతే డెక్కు, అంటే వీసీఆర్, రికార్డు చేయదు. కాపీ చేసేటప్పుడు మధ్యలో ప్రకటనలు, వార్తల ముందు వచ్చే గడియారం తీసేయొద్దు. సీరియల్ కన్నా అవే ఎక్కువ నవ్విస్తాయి, ఏ ఏడాదిదో తేల్చడానికీ అవే సాక్ష్యం. ఇక 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన అమృతం లాంటివి నిర్మాతలే యూట్యూబులో పెట్టారు. వాటి క్యాసెట్ల మీద కరెంటు ఖర్చు చేయక్కర్లేదు.

రెండో వరస, ఇంట్లోనో సీడీ షాపులోనో రాయించుకున్న సీడీలు. వెనక్కి తిప్పితే నీలంగానో లేత ఆకుపచ్చగానో కనపడతాయి. వాటిలో డేటా ఉండేది రంగుపొరలో. ఎండకీ వేడికీ అది చచ్చిపోతుంది, మన రోహిణి కార్తె సంగతి తెలిసిందే గదా. వెండిలా మెరిసే ఒరిజినల్ ప్రెస్సు సీడీలు చివర్లో చేసినా నష్టం లేదు.

క్యాసెట్టు

సముద్రం గాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఈ రెండిటి మధ్య క్యాసెట్టుకి బూజు పట్టకపోతే ఆశ్చర్యం. కిటికీలోంచి రీలు అంచు చూడండి. తెల్లటి పొడి మచ్చలు, సన్నటి నూగు కనపడితే అది బూజు. ఆ క్యాసెట్టుని పొరపాటున కూడా మంచి డెక్కులో పెట్టొద్దు. బూజు లోపల టేపుని చదివే హెడ్లున్న డ్రమ్ముకీ, రోలర్లకీ అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకీ ఎక్కుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో రెండు మూడు వారాలు ఉంచితే బూజు ఎండిపోయి పొడిలా రాలుతుంది. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం చేయొద్దు. టేపు సాగిపోతుంది. సాగిన టేపుకి వైద్యం లేదు.

ఎండాక ఆరుబయట, ముక్కుకి మాస్కు కట్టుకుని, అడుగున ఉన్న 5 స్క్రూలు విప్పితే డొల్ల రెండు చిప్పలుగా విడిపోతుంది. లోపల టేపు ఏ రోలరు మీదుగా ఏ పిన్ను వెనకగా పోతోందో విప్పగానే ఫోనులో ఫోటో తీసుకోండి, ఎక్కించేటప్పుడు అక్కడే తికమక పడతారు. రెండు రీళ్ళనీ పనికిరాని వేరే క్యాసెట్టు శుభ్రమైన డొల్లలోకి మార్చి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ మధ్యగా టేపు జారేట్టు చేత్తోనే మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి చుట్టాలి. మొత్తం క్యాసెట్టుకి చాలాసేపు పడుతుంది. గుడ్డ మడత మారుస్తూ ఉండాలి, లేకపోతే తుడిచిన మురికే మళ్ళీ అంటుకుంటుంది.

టేపు తెగితే సెల్లో టేపు అంటించడం మన ఊళ్ళలో అందరూ చేసే పని. వేడికి దాని జిగురు కారి డ్రమ్ము మీద పడుతుంది. ఆ డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటుంది. జిగురు ముక్క తగిలితే హెడ్డు పోయినట్టే. స్ప్లైసింగ్ టేపు విడిగా దొరుకుతుంది, అదే వాడాలి. నలిగిన ముక్క కత్తిరించేసి, చివరలు తిన్నగా కోసి, టేపు లోపలి వైపు, అంటే రీలు మధ్యకి తిరిగి ఉండే వైపు మాత్రమే అంటించాలి. హెడ్డుకి తగిలేది బయటి వైపు, అటు అంటించకూడదు. రీలు మొదట్లోనూ చివర్లోనూ ఉండే పారదర్శకమైన ముక్కని వదిలేయొద్దు. దాంట్లోంచి వెలుతురు పడితేనే డెక్కుకి టేపు అయిపోయిందని తెలుస్తుంది. అది లేకపోతే చివరకి వచ్చాక కూడా లాగుతూనే ఉండి రీలునుంచి ఊడబెరుకుతుంది.

డెక్కు సంగతి. ముందు పనికిరాని క్యాసెట్టు వేసి పరీక్షించాలి. ప్లే నొక్కిన రెండు మూడు క్షణాలకే ఆగిపోతే టేపు చుట్టుకునే రీలు తిరగట్లేదన్నమాట. రీలుని తిప్పే ఐడ్లర్ రబ్బరు గట్టిపడి జారుతుంటుంది, లేదా బెల్టు సాగింది. అట్టాంటి డెక్కు టేపుని లోపల ఉండగా చుట్టి నములుతుంది. హెడ్డు తుడవడానికి ఇయర్ బడ్స్ వద్దు, దూదిపోగు హెడ్డుకి చిక్కి దాన్ని విరుస్తుంది. ఛామోయిస్ తోలు ముక్కకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, తోలుని కదపకుండా డ్రమ్ముకి ఆనించి, డ్రమ్మునే పైనుంచి వేలితో తిప్పాలి. కింద నుంచి పైకి రుద్దితే హెడ్డు ఊడొస్తుంది. రబ్బరు రోలరుకి ఆ ఆల్కహాల్ పూయకండి, ఎండి పగుళ్ళిస్తుంది. తడిగుడ్డ చాలు.

క్యాసెట్టులో కామెడీని చంపేది ఎక్కువగా శబ్దమే. బొమ్మ బాగానే వస్తుంది, మాట మాత్రం దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. రికార్డు చేసిన డెక్కులో ఆడియో హెడ్డు ఉన్న కోణం, మీ డెక్కులో ఉన్న కోణం కలవకపోవడమే కారణం. ఆడియో హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. ముందు దాని ఇప్పటి స్థానం మార్కరుతో గీత గీసి పెట్టుకుని, ఎనిమిదో వంతు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ "స", "ష" అక్షరాలు వినండి. అవి ఎక్కడ స్పష్టంగా పలికితే అదే ఆ క్యాసెట్టు కోణం. కాపీ అయ్యాక స్క్రూని గీత దగ్గరకి తెచ్చేయాలి. పక్కనున్న వేరే స్క్రూలు ముట్టుకుంటే ట్రాకింగు మొత్తం పోతుంది.

అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. పాత పాల్ డెక్కులో బొమ్మ దొర్లుతుంటే క్యాసెట్టు చెడిపోయిందని పారేయకండి, మల్టీసిస్టం డెక్కు వెతకండి.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు

720 గుణించు 576 సైజు చాలు. వీహెచ్‌ఎస్‌లో ఉండే వివరం దాదాపు 240 గీతలే, హెచ్‌డీలో ఎక్కించినంత మాత్రాన కొత్తగా ఏదీ రాదు. నష్టంలేని పద్ధతిలో అయితే గంటకి 25 నుంచి 30 జీబీ, డీవీ పద్ధతిలో 13 జీబీ పడుతుంది. ముందు అట్టా ఎక్కించుకుని, అన్నీ సరిచూసుకున్నాక చిన్న ఫైలు చేసుకోవాలి. టీవీ రికార్డింగు సెకనుకి 50 సగం బొమ్మలు, వాటిని డీఇంటర్‌లేస్ (సగం బొమ్మలని పూర్తి ఫ్రేములుగా మార్చడం) చేసేటప్పుడు 50 ఫ్రేములుగానే ఉంచండి. 25కి దించితే చేతులాడించడం, తూలి పడటం అన్నీ కుదుపుగా కనపడతాయి.

చవక యూఎస్‌బీ క్యాప్చర్ ముక్కలతో వచ్చే పెద్ద జబ్బు, గంట గడిచేసరికి మాట ఒకచోట పెదవి ఒకచోట. శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకబడినా మనిషి పట్టేస్తాడని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసులో ఉంది. ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంటే శబ్దం ముందుకి జరిగేదైతే రెండో ఫ్రేముకే, వెనకబడేదైతే నాలుగో ఫ్రేముకే దొరికిపోతుంది. చెంపదెబ్బలు ఉన్న సీను పెట్టి చూడండి, అంతకన్నా మంచి కొలబద్ద లేదు: చెయ్యి చెంపకి తగిలిన ఫ్రేములోనే చప్పుడు రావాలి.

మొదట్లో, అరగంట దగ్గర, చివర్లో మూడుచోట్ల ఇట్టా కొలవండి. మూడుచోట్లా తేడా ఒకటే అయితే శబ్దాన్ని అంత మేర జరిపితే చాలు. తేడా క్రమంగా పెరుగుతూ పోతే రెండు గడియారాలు కలవట్లేదని అర్థం. ఎంకేవీటూల్‌నిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని సాగదీసే గడి ఉంది. 7,200 సెకన్ల దగ్గర పడాల్సిన దెబ్బ 7,201.8 దగ్గర పడితే అందులో 7200/7201.8 అని రాయండి. తేడా ఉన్నట్టుండి ఎగిరెగిరి మారుతుంటే ఫ్రేములు రాలిపోయాయి, దాన్ని సాగదీసి లాభం లేదు. క్యాసెట్టుకీ కంప్యూటర్‌కీ మధ్య టైం బేస్ కరెక్టరో (సిగ్నల్ లయని సరిదిద్దే పెట్టె), అది లేకపోతే ఓ పాత డీవీడీ రికార్డరో పెట్టి సిగ్నల్ దాని గుండా పంపి మళ్ళీ ఎక్కించాల్సిందే.

ఎర్తింగు సరిగా లేని ఇళ్ళలో బొమ్మ మీద అడ్డంగా పట్టీ పాకుతూ, వెనక గుయ్యిమని 50 హెర్ట్జ్ రొద వస్తుంది. ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు అక్కడికక్కడే పోతుంది. సాఫ్ట్‌వేర్‌తో తీయడం ఆ తర్వాతి మాట.

వీసీడీ

1993లో వచ్చిన ప్రమాణం ఇది. 352 గుణించు 288 బొమ్మ, సెకనుకి 1150 కిలోబిట్లు, శబ్దానికి ఇంకో 224. ఓ సీడీకి 74 నిమిషాలు, బలవంతాన 80. అందుకే సినిమాకి రెండు సీడీలు, పొడుగు సినిమాలకి మూడు. 2007లో మోజర్ బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకీ డీవీడీ 34 రూపాయలకీ ఇచ్చేసరికి అద్దెకి తెచ్చుకునేవాళ్ళు కూడా కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన అట్టపెట్టెల్లో ఉన్నవి చాలావరకు ఆ గిరాకీ తాలూకువే.

సీడీని కంప్యూటర్లో పెట్టి ఫైలు కాపీ కొడితే 63 శాతం దగ్గర సీఆర్‌సీ ఎర్రర్ అని ఆగిపోతుంది. అదే సీడీ పాత ప్లేయర్లో గళ్ళు గళ్ళుగా అయినా చివరిదాకా ఆడుతుంది. ఎందుకంటే సీడీ మీద డేటా సెక్టార్లనే చిన్న ముక్కలుగా ఉంటుంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2048 బైట్ల డేటా, మిగతాది తప్పులు దిద్దుకోవడానికి. వీసీడీలో ఆ దిద్దుబాటు వదులుకుని 2324 బైట్లూ సినిమాకే వాడారు. గీత పడ్డచోట తప్పు తప్పుగానే వస్తుంది. ప్లేయరు సర్దుకుపోతుంది, విండోస్ సర్దుకుపోదు. కాబట్టి సెక్టారు సెక్టారుగా చదివి, రాని చోట దాటిపోయే ఐసోబస్టర్ లాంటిది వాడండి. అందులో ట్రాకు మీద రైట్ క్లిక్ చేస్తే ఎంపెగ్ వీడియో ఫ్రేములు మాత్రమే వడకట్టి తీసే ఎంపిక కనపడుతుంది, అది ఎంచుకోండి. మామూలుగా కాపీ చేసుకున్న డాట్ డీఏటీ ఫైలుకి పేరు మార్చినా ఆడుతుంది గానీ ప్రతి సెక్టారు తలా తోకా అందులోనే ఉండిపోతాయి, ముందుకి జరిపితే కొన్ని ప్లేయర్లు తప్పుదారి పడతాయి.

డ్రైవు వేగం 4 రెట్లకో 8 రెట్లకో తగ్గించండి. ల్యాప్‌టాప్ సన్న డ్రైవులో చదవని సీడీ పాత డెస్క్‌టాప్ పెద్ద డ్రైవులో చదవడం మామూలే. రెండు వేరు వేరు డ్రైవుల్లో ప్రయత్నించకుండా సీడీ పోయిందని తీర్మానించొద్దు.

కడగడం: మామూలు నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సోపు, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా వరస వెంబడే పడి వరసగా చాలా సెక్టార్లు పోతాయి. అడ్డంగా పడ్డ గీతని డ్రైవు ఎట్టాగో దాటేస్తుంది. అడుగు వైపు గీతలు పైపైనే అయితే టూత్‌పేస్టుతో సానబెట్టే చిట్కా పనిచేస్తుంది, జెల్ కాదు, తెల్ల పేస్టు.

జనం భయపడేది అడుగు గీతలకి. నిజంగా ప్రమాదం పైవైపు. సీడీలో అల్యూమినియం పొర బొమ్మ అచ్చేసిన వైపే, పల్చటి లక్క కింద ఉంటుంది. అద్దె సీడీ మీద షాపువాళ్ళు అంటించిన నంబరు స్టిక్కరు ఉంటుందే, దాన్ని గోరుతో పీకితే పొర కూడా ఊడొస్తుంది, ఆ మేరకి సినిమా శాశ్వతంగా పోయినట్టే. స్టిక్కరు జోలికి పోకుండా కాపీ చేసేయండి. సీడీని బల్బుకి అడ్డం పెట్టి చూస్తే సూదిబెజ్జాల్లా వెలుతురు కనపడితే అక్కడ పొర లేదు. డీవీడీకి ఈ బాధ తక్కువ, పొర రెండు పలకల మధ్యలో ఉంటుంది.

రెండు సీడీలనీ ఒక్క ఫైలు చేయడానికి కాపీ పేస్టు పద్ధతి వద్దు, రెండో సీడీ టైము మళ్ళీ సున్నా నుంచి మొదలై ప్లేయరు తికమక పడుతుంది. ఎంకేవీటూల్‌నిక్స్‌లో రెండోదాన్ని అపెండ్ చేస్తే సరిపోతుంది, మళ్ళీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు. కలిపిన చోట వినండి. మొదటి సీడీ డైలాగు మధ్యలో తెగి, రెండోది కాస్త వెనకనుంచి మొదలయ్యే రకాలుంటాయి. రెండుసార్లు వచ్చిన ముక్క తీసేయండి.

వీసీడీని కృత్రిమ మేధతో పెద్దది చేయొద్దనే నా సలహా. 288 గీతల్లో మూలకి నిలబడ్డ హాస్యనటుడి ముఖం పాతిక గీతలు కూడా ఉండదు. యంత్రం అక్కడ తనకి తోచిన ముఖం గీస్తుంది. కనుబొమ పైకి లేచిందో లేదో అదే నిర్ణయిస్తే ఇక నటుడెందుకు?

బొమ్మ ఆకారం

నెల్లూరు రమణారెడ్డిని తీసుకోండి. తిక్కవరపు వెంకటరమణారెడ్డి కామెడీలో సగం ఆ బక్కపల్చటి పొడుగు ఒళ్ళే. 1957 నాటి మాయాబజార్‌లో చిన్నమయ్యగా ఆయన వంగి, మెలికలు తిరిగి నిలబడే తీరు చూడండి. ఆ కాలపు సినిమా బొమ్మ దాదాపు 4:3. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీ నిండా సాగదీస్తే మనిషి సరిగ్గా మూడోవంతు లావెక్కుతాడు. రమణారెడ్డి మూడోవంతు లావెక్కాక అది రమణారెడ్డి కాదు. సాగదీయకుండా పైనా కిందా కోసి నింపితే తలపాగాలు, కాళ్ళు పోతాయి. పక్కల నల్లపట్టీలు ఉండనీయండి. టీవీ రిమోట్‌లో బొమ్మ సైజు "ఒరిజినల్" గానో 4:3 గానో పెట్టాలి, "ఫుల్" వద్దు.

సినిమాస్కోపు సినిమాలకి కష్టం ఇంకో తీరు. 2.35 వెడల్పు బొమ్మని 4:3లో నల్లపట్టీలతో పెడితే వీసీడీలోని 288 గీతల్లో సినిమాకి దక్కేవి 163. మసగ్గానే ఉంటుంది. పట్టీలు లేకుండా తెర నిండా కనపడే వీసీడీ చూసి సంతోషపడకండి, దాంట్లో రెండు పక్కలా కోసేశారు. ఇద్దరు మాట్లాడుకునే హాస్య సన్నివేశంలో తిట్టేవాడు ఫ్రేములో ఉంటాడు, తిట్లు తినేవాడు గోడవతల. నవ్వు వచ్చేది తినేవాడి ముఖం చూసి గదా. రెండు ప్రతులు దొరికితే మసగ్గా ఉన్నా పట్టీలున్నదే ఉంచుకోండి.

వేగం, గొంతు

24ని 25 చేయడం వల్ల సినిమా 4 శాతం పరిగెడుతుంది, గొంతులు కూడా కొంచెం సన్నబడతాయి. మనకి అలవాటైపోయి తెలీదు గానీ, మెల్లగా సాగదీసి మాట్లాడి నవ్వించే నటుల దగ్గర తేడా వినపడుతుంది. తేల్చుకోవడానికి పాట పనికొస్తుంది. ఆడియో సీడీలో 300 సెకన్లున్న పాట, ఎక్కడా కోత లేకుండా, సినిమాలో 288 సెకన్లు ఉంటే వేగం పెరిగినట్టు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో చేంజ్ స్పీడ్ 0.96 పెట్టి, వీడియోని 24 ఫ్రేములకి మార్చితే రెండూ మళ్ళీ కలుస్తాయి. చేంజ్ టెంపో వాడితే గొంతు సన్నగానే ఉండిపోతుంది. టీవీ సీరియళ్ళు వీడియో మీదే తీసినవి, అవి పుట్టుకే 25. వాటి జోలికి పోవద్దు.

హిస్సు శబ్దం తగ్గించేటప్పుడు 6 నుంచి 8 డెసిబెల్స్ దగ్గర ఆగండి. 20 పెడితే మాటలు నీళ్ళలోంచి వచ్చినట్టుంటాయి, ఊపిరి పీల్చే చప్పుడు, గుటకలు, నాలిక చప్పరింపులు మాయమవుతాయి. మౌనాలు తనంతట తానే కత్తిరించే ఎంపిక పొరపాటున కూడా టిక్ పెట్టొద్దు.

పాత సినిమా శబ్దం మోనో, అంటే ఒకే చానల్. క్యాసెట్టు నుంచి ఎక్కిస్తే ఒక చెవిలోనే వస్తుంది, ఆ చానల్‌నే రెండోవైపూ వేయండి. కొన్ని డీవీడీల్లో రెండు చానళ్ళు ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి. టీవీలో బాగానే వినపడి, ఫోను స్పీకర్లో వింటే పాట వస్తుంది గానీ మాట రాదు. ఒక చానల్ తీసేస్తే పోతుంది. పాత సినిమాకి డీవీడీ మీద 5.1 (ఆరు స్పీకర్ల శబ్దం) అని గొప్పగా రాసి ఉంటే, మోనోనో స్టీరియోనో ఉన్న రెండో ఆడియో ట్రాకు కూడా ఉందేమో చూసి అదే ఎంచుకోండి. మోనోని సాగదీసి చేసిన 5.1లో డైలాగు బావిలో మాట్లాడినట్టు మోగుతుంది.

డీవీడీ

మేక్ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో నేరుగా ఫైలుగా తీయొచ్చు, మళ్ళీ కుదించకుండా. డీవీడీకి ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే రీజియన్ తాళం ఉండొచ్చు: ఇండియాది రీజియన్ 5, అమెరికాది రీజియన్ 1. డ్రైవు రీజియన్ 5 సార్లే మార్చుకోనిస్తుంది, ఆలోచించి మార్చండి. "3 ఇన్ 1" డీవీడీలని నమ్మొద్దు. 4.7 జీబీ డిస్కులో రెండున్నర గంటల సినిమాలు మూడు ఇరికిస్తే సెకనుకి దక్కేది 1.4 మెగాబిట్లు. వీసీడీకి నాలుగు రెట్ల బొమ్మ, బిట్లు మాత్రం వీసీడీకి ఉన్నంతే. ఎవరైనా పరిగెత్తగానే తెర గళ్ళు పడుతుంది. ఒకే సినిమా ఉన్న డిస్కైతే 4 మెగాబిట్లు దాటుతుంది, అది దొరికితే అదే.

ఇదంతా మీ ఇంట్లో మీరు చూసుకోవడానికి. నెట్‌లో పెట్టాలంటే హక్కుల లెక్క చూడాలి. మన కాపీరైట్ చట్టంలో సినిమాకి విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. 1957 సినిమాకి 2017తో గడువు తీరింది, ఎనభైల సినిమాకి ఇంకా చాలా ఉంది.

దాచడం

సీడీలు నిలువుగా పెట్టాలి. స్లాబు కింద సజ్జ, పడమటి గోడకి ఆనించిన ఇనప బీరువా వేసవిలో పొయ్యిలా కాగుతాయి, అక్కడ వద్దు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వేడికి సీడీకి అతుక్కుంటాయి, కాగితం కవర్లు మేలు. బట్టల్లో వేసే కలరా ఉండలు ఆ పెట్టెలో వేయకండి, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కి పడదు. ఫైలు పేరులో సినిమా, ఏడాది, దేని నుంచి తీశారు, ఎన్ని నిమిషాలు అన్నీ రాసుకోండి. రెండు హార్డ్‌డిస్కులు, రెండోది వేరే ఇంట్లో. తుఫాను నీళ్ళు వచ్చిన ఊళ్ళో ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టి చూసేవాళ్ళకి: ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ చేస్తే కొన్ని పాత టీవీలు చదవవు. అట్టాంటి టీవీకి ఇంటర్వెల్ దగ్గర కోసి రెండు ఫైళ్ళు చేయడమే దారి. బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆ టీవీకి వీసీడీ నాటి ఎంపీ2 శబ్దం తెలీదన్నమాట. శబ్దం ఒక్కటీ ఏఏసీలోకి 192 కిలోబిట్లతో మార్చి, బొమ్మని ముట్టుకోకుండా ఎంపీ4గా దాచండి. ఆ ఎంపెగ్1 బొమ్మ కూడా తెలీని టీవీ అయితే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264 వీడియోగా, క్వాలిటీ 18 పెట్టి, సైజు మార్చకుండా ఇంకో ప్రతి చేసుకోండి. మొదటిది మాత్రం చెరపొద్దు.